కోటు తొడిగిన జంతువులు: గ్రాన్‌విల్ బొమ్మల నేపథ్యం

1828లో పారిస్ దుకాణాల్లోకి ఒక కొత్త బొమ్మల వరుస వచ్చింది. పేరు ‘నేటి రూపాంతరాలు’. గీసినవాడు నాన్సీ పట్టణంలో పుట్టిన పాతికేళ్ల గ్రాన్‌విల్. ఆ బొమ్మల్లో మనుషులకు జంతువుల తలలుంటాయి. మెడ కిందంతా అచ్చంగా పారిస్: బిగుతు కోట్లు, గౌనులు, చేతికర్రలు. బట్టలను అంత శ్రద్ధగా గీశాడు కాబట్టే ఆ తలలు గుచ్చుకుంటాయి.

రాజకీయం వేడెక్కింది లూయీ ఫిలిప్‌ను గద్దెనెక్కించిన 1830 విప్లవం తర్వాత. సెన్సార్‌షిప్ ఇక ఎన్నటికీ ఉండదని కొత్త రాజ్యాంగ పత్రం మాట ఇచ్చింది. ఆ ధైర్యంతోనే షార్ల్ ఫిలిపోన్ ‘లా కారికాతూర్’ అనే వ్యంగ్య చిత్రాల పత్రిక పెట్టాడు. గ్రాన్‌విల్, దోమియే అందులో బొమ్మలు వేశారు. రాజును పోలిన బొమ్మ వేశాడన్న కేసులో 1831లో బోనెక్కిన ఫిలిపోన్, రాజు లూయీ ఫిలిప్ ముఖం మెల్లమెల్లగా బేరిపండుగా మారడాన్ని నాలుగు బొమ్మల్లో గీసి చూపించాడు. పోలిక ఉండటమే నేరమైతే బేరిపండ్లన్నిటినీ శిక్షించాలి కదా అని ఆయన వాదన. ఆరు నెలల జైలు, 2,000 ఫ్రాంకుల జరిమానా పడ్డాయి.

1835 జులై 28న రాజుపై హత్యాయత్నం జరిగింది. దాన్ని ఆసరాగా తీసుకుని సెప్టెంబరులో చట్టం తెచ్చారు: అచ్చయ్యే ప్రతి బొమ్మకూ ముందస్తు అనుమతి కావాలి. రాత అభిప్రాయమట, బొమ్మ మాత్రం చర్యట, అందుకే ఆ మాట దానికి వర్తించదట! ఇచ్చిన మాటను ఇంత తెలివిగా తప్పడం నాకు ఈనాటికీ మింగుడుపడదు.

గ్రాన్‌విల్ పుస్తకాల వైపు మళ్లాడు. 1838లో ఫ్రెంచి కవి లా ఫాంటేన్ నీతికథలకు బొమ్మలు వేశాడు. ఆ కథల్లో కొన్ని మనవే: తాబేలును కర్రకు కరిపించి ఎగరేసుకుపోయే పక్షుల కథ పంచతంత్రం నుంచి పారశీకం మీదుగా ఫ్రెంచిలోకి వెళ్లింది.

1840-42లో వచ్చిన ‘జంతువుల ఆంతరంగిక, బహిరంగ జీవిత దృశ్యాలు’ ఇంకో అడుగు ముందుకేసింది. పారిస్ జంతు ప్రదర్శనశాలలో జంతువులన్నీ రాత్రిపూట సభ తీరుస్తాయి. ప్రసంగాలు, పక్షాలు, చప్పట్లు, అంతా చట్టసభే. నవలాకారుడు బాల్జాక్ వంటివారు ఆ పుస్తకానికి కథలు రాశారు. జంతువు మనిషికి ముసుగు మాత్రమే అనుకుంటే ఈ బొమ్మల్లో సగమే చూసినట్టు. ఇక్కడ మనిషి మీద ఫిర్యాదు చేస్తున్నది జంతువే. ఒక్క రాజును కాదు, ఆ రాజు నీడలో బలిసిన డబ్బున్న వర్గం మొత్తాన్నీ పట్టుకోగలిగింది ఈ పద్ధతి. అందుకే బేరిపండు కంటే దీని ఆయుష్షు ఎక్కువని నా నమ్మకం.

భార్యను, పిల్లలను పోగొట్టుకున్న గ్రాన్‌విల్ 1847 మార్చిలో, 43 ఏళ్లకే కన్నుమూశాడు. మరుసటి ఫిబ్రవరిలో లూయీ ఫిలిప్ సింహాసనం వదిలి ఇంగ్లండుకు పారిపోయాడు.