అర్థమైందా అని అడిగితే సరిపోదు

1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరీఫ్ దీవిలో, లోస్ రోడియోస్ విమానాశ్రయం రన్‌వే మీద రెండు బోయింగ్ 747లు ఢీకొని 583 మంది చనిపోయారు. విమాన ప్రమాదాల్లో ఇప్పటికీ ఇదే అతి పెద్దది. రెండు విమానాల్లోనూ ఇంజిన్లు బాగానే ఉన్నాయి.

ఆ రోజు పొగమంచులో కంట్రోల్ టవర్‌కు రన్‌వే కనబడటం లేదు. అందరికీ రేడియోనే ఆధారం. డచ్ సంస్థ కేఎల్ఎం విమానం రన్‌వే ఒక కొసన ఉంది, అమెరికా సంస్థ పాన్ ఆమ్ విమానం అదే రన్‌వే మీద ఎదురుగా వస్తోంది. "వి ఆర్ నౌ ఎట్ టేకాఫ్" అన్నాడు కేఎల్ఎం కోపైలట్. అప్పటికే విమానం కదిలింది. టవర్ మాత్రం, టేకాఫ్‌కు సిద్ధంగా నిలబడి ఉన్నారని అనుకుంది. "ఓకే" అని కాస్త ఆగి, "ఉండండి, నేను పిలుస్తాను" అంది. సరిగ్గా అప్పుడే పాన్ ఆమ్ నుంచి "మేమింకా రన్‌వే మీదే ఉన్నాం" అన్న మాట వచ్చింది. ఒకే ఫ్రీక్వెన్సీలో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే రెండు తరంగాలు కలిసి ఈలలాంటి మోత వస్తుంది. కేఎల్ఎం కాక్‌పిట్‌లో స్పష్టంగా వినబడింది "ఓకే" ఒక్కటే.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆ తర్వాతి క్షణం. ఫ్లైట్ ఇంజినీర్‌కు అనుమానం వచ్చి, పాన్ ఆమ్ ఇంకా పక్కకు తప్పుకోలేదా అని అడిగాడు. తప్పుకుందని కెప్టెన్ గట్టిగా అన్నాడు. ఆయన పైలట్లకు శిక్షణ ఇచ్చే సీనియర్. ఇంజినీర్ మళ్లీ అడగలేదు. పెద్దవాళ్లు అంత ఖాయంగా చెప్పాక ఇంకోసారి అడగడానికి మనలో ఎంతమందికి నోరు వస్తుంది?

ఆ తర్వాత నియమాలు బిగించారు. టేకాఫ్ అనే మాట అనుమతి ఇచ్చేటప్పుడో, రద్దు చేసేటప్పుడో తప్ప వాడకూడదు. ముఖ్యమైన ఆదేశాన్ని పైలట్ "సరే" అని వదిలేయకుండా అంకెలతో సహా తిరిగి చెప్పాలి. కంట్రోలర్ అది విని, తప్పుంటే దిద్దాలి. కింది ఉద్యోగి అనుమానాన్ని బయటపెట్టేలా, కెప్టెన్ దాన్ని వినేలా సిబ్బందికి శిక్షణ కూడా మొదలైంది.

అయినా 1996లో హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద రెండు విమానాలు గాలిలోనే ఢీకొని 349 మంది పోయారు. కజకిస్తాన్ విమానాన్ని 15,000 అడుగుల ఎత్తులో ఉండమన్నారు. అది ఇంకా కిందికి దిగింది. కంట్రోలర్‌తో ఇంగ్లిష్‌లో మాట్లాడింది రేడియో ఆపరేటర్, విమానం నడిపింది పైలట్లు. ఆదేశం కాక్‌పిట్‌లోకి వచ్చాక కూడా ఇంకో మనిషిని దాటాల్సి వచ్చింది. అంతర్జాతీయ విమానాలు నడిపేవాళ్లకు ఇంగ్లిష్‌లో కనీస స్థాయి ఉండాలన్న నిబంధన 2008లో అమల్లోకి వచ్చింది.

తిరిగి చెప్పించుకోవడం ఇప్పుడు ఆసుపత్రుల్లోనూ ఒక పద్ధతి. మన దగ్గర ఇది ఇంకా బాగా పాతుకోవాలి. డాక్టరు "అర్థమైందా అమ్మా?" అంటే, అర్థం కాకపోయినా "అర్థమైందండీ" అనేస్తాం. దానికి బదులు "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకుంటాను, ఈ మాత్రలు ఇంటికెళ్లాక ఎలా వేసుకుంటారో ఒకసారి చెప్పండమ్మా" అంటే ఆమె తడబడినా తప్పు ఆమె మీద పడదు. ఉదయం మాత్ర రాత్రికి మారిపోయి ఉంటే అక్కడే తెలిసిపోతుంది, డాక్టరు ఇంకోలా చెప్పి చూడొచ్చు.