చదివేది ఎవరు? విద్యార్థి రచన మీద అపోహలు – వాస్తవాలు

తొమ్మిదో తరగతి పిల్లలను పంచాయతీ కార్యదర్శికి అర్జీ రాయమంటే చాలా కాగితాల మీద "పరిశుభ్రత ప్రాముఖ్యం" అనే వ్యాసం వస్తుంది. దస్తూరీ బాగుంటుంది, సామెతలుంటాయి, వీధి పేరు మాత్రం ఉండదు. ఆ కాగితం పట్టుకుని కార్యదర్శి ఎక్కడికి వెళ్లాలి? రాసిన పిల్లకు భాష వచ్చు. ఆ కాగితం ఎవరి చేతికి వెళుతుందో ఆమె చేత ఎవరూ ఆలోచింపజేయలేదు, అంతే. ఈ విషయంలో ఉపాధ్యాయుల్లోనూ, తల్లిదండ్రుల్లోనూ, పిల్లల్లోనూ గట్టిగా నాటుకున్న నమ్మకాలు కొన్ని ఉన్నాయి. గోదావరి డెల్టా ఊళ్ల ఉదాహరణలతో వాటిని చూద్దాం.

అపోహ: చదివేవాళ్లను ఊహించుకుని రాయడం పెద్ద రచయితల పని, బడి పిల్లలకు రాదు.

వాస్తవం: నోటితో ఆ పని వాళ్లు రోజూ చేస్తున్నారు. అమలాపురం చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా ఐదో తరగతి పిల్ల మేష్టారితో "ఆయ్, తెచ్చానండి" అంటుంది. ఆ వెంటనే తమ్ముణ్ణి "తెచ్చాన్లేరా" అని కసురుతుంది. రేవు దగ్గర జరిగిన గొడవను స్నేహితురాలికి ఒక రకంగా, నాన్నకు ఇంకో రకంగా చెబుతుంది. నాన్న దగ్గర ఏ ముక్క మింగేయాలో ఆమెకు తెలుసు. ఎదుటి మనిషి కనుబొమలు ముడిపడితే ఆగి, మళ్లీ మొదటినుంచి చెబుతుంది. కాగితం మీద ఆ కనుబొమలు కనిపించవు. కష్టమంతా అక్కడే.

అందుకని రాయడానికి ముందు, కాగితం పైన పెన్సిలుతో మూడు వరుసలు రాయించాలి. ఇది ఎవరి చేతికి వెళుతుంది, వాళ్లు ఎంత తీరికగా చదువుతారు? ఈ సంగతిలో వాళ్లకు ఇప్పటికే తెలిసిందేమిటి? చదివాక వాళ్లు ఏం చేయాలి? మూడో ప్రశ్నకు "తెలుసుకోవాలి" అని రాస్తే ఒప్పుకోవద్దు. తెలుసుకుని ఏం చేయాలో అడగండి. ఐదు నిమిషాలు చాలు. "ఎవరి చేతికి" అన్నచోట "ప్రజలు", "అధికారులు", "సమాజం" లాంటి మాటలు కనిపిస్తే చెరిపించి, ఒక మనిషిని రాయించండి: ఫలానా శాఖ ఇంజనీరు, రేవు పక్క టీ కొట్టు నడిపే పెద్దాయన, పక్క ఊరి ఎనిమిదో తరగతి అమ్మాయి.

అపోహ: తేలిక మాటలతో రాస్తే చదివేవాళ్లను దృష్టిలో పెట్టుకున్నట్టే.

వాస్తవం: మాట తేలికైనా, చదివేవాళ్లకు కావలసిన సంగతి అందులో లేకపోవచ్చు. వరద సమాచారాన్నే తీసుకోండి. గోదావరి మీద ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 దగ్గర రెండోది, 17.75 దగ్గర మూడోది ఇస్తారు. దిగువకు వదిలే నీరు ఆ మూడు దశల్లో సుమారు 10, 13, 17 లక్షల క్యూసెక్కులు. "ధవళేశ్వరం వద్ద రెండో ప్రమాద హెచ్చరిక జారీ అయింది" అన్న వాక్యంలో ఒక్క కష్టమైన మాట కూడా లేదు. అయినా నది మధ్య లంక గ్రామంలో ఉన్న ముసలమ్మకు అది సగం సమాచారమే. కాజ్‌వే మునుగుతుందా, పడవ ఏ రేవు నుంచి ఎన్ని గంటల వరకు తిరుగుతుంది, పశువులను ఏటిగట్టు మీదికి ఇప్పుడే తోలాలా, మందులూ ఆధార్ కార్డూ సంచిలో పెట్టుకోవాలా అన్నవి ఆమె ప్రశ్నలు. వరద అంటే ఏమిటో ఆమెకు చెప్పనక్కర్లేదు.

అదే వార్తను హైదరాబాదులో ఉన్న మనవడికి రాస్తే లెక్క తిరగబడుతుంది. 13.75 అంకె అతనికి ఏ బొమ్మా చూపించదు. మూడో హెచ్చరికకు ఇంకా నాలుగు అడుగులు ఉందని చెప్పాలి. ఇంట్లోవాళ్లు ఎక్కడున్నారు, ఫోను ఛార్జింగు ఉంటుందా, అతను బయల్దేరి రావాలా వద్దా అన్నది రాయాలి. పశువుల సంగతి ఒక్క ముక్కలో తేల్చేయవచ్చు.

తెలిసినవాళ్లకు తెలిసిందే చెబితే చదవడం మానేస్తారు. తెలియనివాళ్లకు తెలిసినట్టు రాస్తే మధ్యలో వదిలేస్తారు. పిల్లల రాతల్లో ఈ రెండూ ఒకే పేజీలో కనిపిస్తాయి. రైతులకు కరపత్రం రాస్తూ "వరి మన ముఖ్యమైన ఆహార పంట" అని మొదలుపెడతారు. ఆ తరువాత, చదివే రైతుకు కావలసిన తేదీ, చోటు, ఫోను నంబరు మరచిపోతారు.

అపోహ: అందరికీ పనికొచ్చేలా రాయాలి.

వాస్తవం: ఒక్క మనిషికి రాసినదే ఎక్కువమందికి పనికొస్తుంది. దీన్ని చెప్పి ఒప్పించలేం, చేయించి చూపించాలి. డెల్టా బడులకు సరిపోయే అభ్యాసం ఒకటుంది. ఊరి మురుగు డ్రెయిన్‌లో గుర్రపుడెక్క అనే నీటి కలుపు మొక్క పట్టేసింది, నీరు కదలడం లేదు. సంగతి ఇంతే. తరగతిని మూడు జట్లు చేసి మూడు రాతలు రాయించండి: డ్రెయిన్ల శాఖ ఇంజనీరుకు అర్జీ, ఆయకట్టు రైతులకు కరపత్రం, రాయలసీమలో ఉన్న స్నేహితుడికి ఉత్తరం. ఒక్కోటి పదిహేను వరుసలు దాటకూడదు, సమయం ఇరవై ఐదు నిమిషాలు.

ఇంజనీరుకు కావలసింది డ్రెయిన్ పేరు, ఏ కల్వర్టు నుంచి ఏ కల్వర్టు దాకా మూసుకుపోయింది, ఎన్ని రోజులుగా, ఎన్ని ఎకరాల్లో నీరు నిలిచింది, వెంటనే ఏం చేయాలి, వస్తే చోటు చూపించేది ఎవరు. "విషయం" అన్న వరుసలోనే డ్రెయిన్ పేరు, ఊరి పేరు, కోరిక మూడూ పడాలి. అర్జీల దొంతరలో ముందు కంటపడేది ఆ వరుసే. గుర్రపుడెక్క పర్యావరణానికి చేసే హాని గురించి ఒక్క వాక్యం కూడా అక్కర్లేదు, ఆయనకు అది తెలుసు.

రైతులకు కరపత్రంలో శ్రమదానం ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ తూము దగ్గర కలవాలి, కత్తులూ తాళ్లూ ఎవరు తేవాలి, తీసిన గుర్రపుడెక్క ఎక్కడ పోయాలి. చివరిది పిల్లలు దాదాపు ఎప్పుడూ రాయరు. గట్టు మీదే కుప్పపోస్తే మొదటి వానకు మళ్లీ డ్రెయిన్‌లోకే జారుతుంది. రైతు అడిగే మొదటి ప్రశ్న కూడా అదే.

స్నేహితుడి ఉత్తరం అన్నిటికంటే కష్టం. నీటి కరువున్న ఊళ్లో పెరిగినవాడికి నీరు ఎక్కువై పంట పోవడం వింతగా ఉంటుంది. డెల్టా నేల చదునుగా ఉంటుందని, వాలు తక్కువ కనుక నీరు నెమ్మదిగా సముద్రం వైపు నడుస్తుందని, మధ్యలో కలుపు అడ్డుపడితే నీరు వెనక్కి ఎగదన్ని చేలల్లో నిలుస్తుందని, సార్వా (వానాకాలపు వరి) ఊడ్పులైన కొత్తల్లో రోజుల తరబడి మునిగితే నాట్లు కుళ్లిపోతాయని వరుసగా చెప్పాలి. ఊళ్లో ఎవరూ నోరు తెరిచి చెప్పనక్కర్లేని సంగతులన్నీ ఇక్కడ రాయాల్సినవే.

మూడు రాతలు అయ్యాక పక్కపక్కన బల్లమీద పెట్టి, ఒకదాంట్లో ఉండి మరోదాంట్లో లేని వాక్యాల కింద గీత గీయించండి. ఈ మెట్టు వదిలేస్తే అభ్యాసం సగం వృథా. ఆ గీతలు చూస్తేనే పిల్లలకు తేడా కంటికి కనిపిస్తుంది.

అపోహ: మొదటి వాక్యం నుంచే పాఠకుణ్ణి తలుచుకుంటూ రాయాలి.

వాస్తవం: కొందరికి అది చెయ్యి కట్టేస్తుంది. అమెరికాలో రచనా బోధన మీద పనిచేసిన లిండా ఫ్లవర్ 1979లో ఒక మంచి విభజన చేశారు. రాసేవాళ్లు తమకు గుర్తొచ్చిన వరుసలో, తమకోసం రాసుకునే రాత ఒకటి. చదివేవాళ్ల అవసరాన్ని బట్టి దాన్ని తిరగ్గట్టిన రాత మరొకటి. మొదటిది తప్పేమీ కాదు, రెండోదానికి అది ముడిసరుకు. పీటర్ ఎల్బో 1987లో ఇంకో అడుగు ముందుకు వేసి, పాఠకుడి తలపు భయపెడుతుంటే తొలి చిత్తులో ఆ పాఠకుణ్ణి పక్కన పెట్టేయమన్నారు. పరీక్షల భయం ఉన్న మన పిల్లలకు ఈ మాట చాలా అవసరం.

కాబట్టి పైన చెప్పిన మూడు పెన్సిలు వరుసలు రాశాక కాగితం తిప్పేయమనండి. వెనకవైపు పది నిమిషాలు ఆపకుండా, దిద్దకుండా, గుర్తొచ్చింది గుర్తొచ్చినట్టు రాయాలి. తరువాత కాగితం ముందువైపు తిప్పి, మూడు వరుసలు చదివి, చిత్తులోని ఒక్కో వాక్యానికి గుర్తు పెట్టాలి: చదివేవాళ్లకు ఇది కావాలి, లేదా ఇది నాకోసం రాసుకున్నాను. తొలి చిత్తు సంగతి జరిగిన వరుసలో ఉంటుంది. అర్జీలో చివరి వాక్యంగా ఉన్న కోరిక పైకి రావాలి. చాలా రాతల్లో ఈ ఒక్క మార్పుతోనే పేజీ నిలబడుతుంది.

పెన్సిలు వరుసలు తిరగరాసేటప్పుడు మారినా సరే. మారనివ్వండి.

అపోహ: పరీక్షలో చదివేది దిద్దేవారే, కాబట్టి లేఖ ఎవరికి రాయమన్నా ఒకటే.

వాస్తవం: పరీక్ష లేఖకు ఇద్దరు పాఠకులు. ప్రశ్నలో ఉన్న మనిషి ఒకరు, మార్కులు వేసేవారు మరొకరు. తమ్ముడికి రాసిన లేఖ నిజంగా తమ్ముడికి రాసినట్టుందా అన్నదే దిద్దేవారు చూసేది. కనుక మొదటి పాఠకుణ్ణి మెప్పిస్తే రెండోవారు మెచ్చినట్టే. పదో తరగతిలో లేఖ, కరపత్రం, ఇంటర్వ్యూ ప్రశ్నల వంటివి సృజనాత్మకత కింద అడిగేది ఇందుకే. తమ్ముడికి రాస్తూ "గ్రంథాలయాలు విజ్ఞాన భాండాగారాలు" అంటే మార్కు పోతుంది. "సెలవులకు వచ్చినప్పుడు నువ్వు అడిగిన బొమ్మల పుస్తకం మా బడి లైబ్రరీలో ఉంది" అంటే నిలుస్తుంది. రూపం మాత్రం దిద్దేవారికోసం పక్కాగా ఉండాలి: చోటు, తేదీ, సంబోధన, సంతకం, చిరునామా. గైడు పుస్తకాల్లోని నమూనా లేఖ నుంచి ఈ చట్రం వరకే తీసుకోవాలి.

అపోహ: అధికారికి రాసేటప్పుడు మర్యాద మాటలు ఎంత ఎక్కువైతే అంత పని జరుగుతుంది.

వాస్తవం: "అయ్యా" ఒకసారి, చివర "ఇట్లు, తమ విధేయులు" ఒకసారి చాలు. అవతలివాళ్ల సమయం కాపాడటమే అర్జీలో అసలు మర్యాద.

అపోహ: గోదావరి మాటలు, యాస రాతలో ఉండకూడదు.

వాస్తవం: అది చదివేవాళ్లను బట్టి. ఊరి రైతుల కరపత్రంలో సార్వా, దాళ్వా (రెండో పంట), బోదె (చిన్న పంట కాలువ), లాకులు (కాలువ మీది తలుపులు) ఉండాల్సిందే. వాటి బదులు "ఖరీఫ్", "రబీ" అని పెడితే ఆ కాగితం ఆఫీసు నుంచి వచ్చినట్టుంటుంది. బయటివాళ్లకు రాసేటప్పుడు అవే మాటలు ఉంచి, పక్కన అర వాక్యంతో విప్పి చెప్పాలి. రాజమహేంద్రవరం నుంచి 1874లో వివేకవర్ధని పత్రిక ప్రారంభించిన కందుకూరి వీరేశలింగం గ్రాంథికంలో దిట్ట. అయినా దురాచారాల మీద రాసిన ప్రహసనాల్లో మనుషులు మాట్లాడుకునే తెలుగే పలికించారు. ఎవరిని కదిలించాలో ఆయనకు తెలుసు.

అపోహ: పక్క బెంచీ స్నేహితుడు చదివి "బాగుంది" అంటే సరిపోతుంది.

వాస్తవం: ఈ అపోహే అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తుంది. ఒక సంగతి మనకు తెలిశాక, అది తెలియని మనిషి ఎలా ఉంటాడో ఊహించడం మనిషికి చాలా కష్టం. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ 1990లో చేసిన ప్రయోగంలో కొందరు తెలిసిన పాటలను బల్లమీద వేళ్లతో కొట్టి వినిపించారు. వినేవాళ్లు సగం పాటలు గుర్తుపడతారని వాళ్లు అంచనా వేశారు. 120 పాటల్లో గుర్తుపట్టింది మూడే. కొట్టేవాళ్ల తలలో పాట మోగుతోంది, వినేవాళ్లకు టకటక తప్ప ఏమీ లేదు. ఇది ఏడో తరగతిలో కూడా ఐదు నిమిషాల్లో చేయించవచ్చు. ఊళ్లో అందరికీ తెలిసిన పాట ఒక చీటీ మీద రాసి ఒక పిల్లకు ఇవ్వండి, ఎంతమంది గుర్తుపడతారో ముందే అంచనా చెప్పించండి, తరువాత కొట్టించండి. పాఠకుడి గురించి గంటసేపు చెప్పినదానికంటే ఇది బాగా పనిచేస్తుంది.

పక్క బెంచీ స్నేహితుడిది కూడా అదే ఊరు, అతని తలలోనూ అదే పాట. "వేసవిలో కాలువ కట్టేసేసరికి మా చెరువు నింపలేదు" అని రాస్తే అతనికి అంతా అర్థమవుతుంది. బయటివాళ్లకు అర్థం కాదు. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలకు నీరు ఆపుతారని, ఆలోపే మంచినీటి చెరువు నింపుకోకపోతే ఊరికి తాగునీరుండదని వాళ్లకు చెప్పాలి. అందుకే రాతలను మరో ఊరి బడితో, కనీసం మరో తరగతితో మార్చుకోవాలి. భీమవరం వైపు బడి పిల్లలు రొయ్యల చెరువుల గురించి రాసింది కోనసీమ కొబ్బరితోటల మధ్య చదివే పిల్లలు చదివితే ఎక్కడెక్కడ ఆగుతారో అదే దిద్దాల్సిన చోటు.

చదివించే పద్ధతి కూడా ముఖ్యం. చదివేవాళ్లు బయటికి చదవాలి, రాసినవాళ్లు పక్కనే కూర్చుని నోరు మెదపకూడదు. "అంటే నా ఉద్దేశం…" అన్నారంటే ఆ ఉద్దేశం కాగితం మీద లేదన్నమాట. అది వెంటనే కాగితం మీదికి రావాలి. తప్పూ ఒప్పూ చెప్పమని చదివేవాళ్లను అడగవద్దు. పిల్లలు మొహమాటపడి "బాగుంది" అనేస్తారు, లేదా గుణింతాలు దిద్దడం మొదలుపెడతారు. మూడే పనులు చెప్పండి. వెనక్కి వెళ్లి రెండోసారి చదివిన వాక్యం పక్కన అడ్డగీత. అప్పటికే తెలిసిన సంగతి చుట్టూ సున్నా. చివర్లో "నన్ను ఏం చేయమంటున్నారంటే…" అని మొదలుపెట్టి ఒక్క వాక్యం. ఆ వాక్యం, రాసినవాళ్లు పెన్సిలుతో రాసుకున్న మూడో వరుస ఒకటి కాకపోతే ముందు కోరిక ఉన్న పేరా తిరగరాయాలి. అడ్డగీతలు, సున్నాలు ఆ తరువాత. గుణింతాలు అన్నిటికంటే చివర.

రాసిన పిల్లలు కొందరు అడ్డగీతలు చూసి నొచ్చుకుంటారు. ఆ గీతలు చదివినవాళ్లు ఆగిన చోట్లని, మార్కులతో వాటికి సంబంధం లేదని ముందే చెప్పాలి. ఆ పేజీకి ఆ రోజు మార్కులు వేయకండి. పాత చిత్తు, గీతలున్న ప్రతి, తిరగరాసింది మూడూ ఒకే దారంతో కుట్టి పిల్లల దగ్గరే ఉంచితే, తరువాతి రాతకు పెన్సిలు వరుసలు రాసేటప్పుడు వాళ్లే తిరగేసి చూసుకుంటారు.