సాయం ఒకరి నుంచి ఒకరికి పాకుతుందా? కౌన్సెలర్‌గా నేను వినే అపోహలు

చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కౌన్సెలింగ్ చేయడం నా వృత్తి. మంచి వ్యాపిస్తుందన్న మాటను కొందరు గుడ్డిగా నమ్ముతారు, మరికొందరు కొట్టిపారేస్తారు. రెండూ నాకు సమ్మతం కాదు.

అపోహ: ఇంత చిన్న సాయానికి ఎవరు విలువ ఇస్తారు?

వాస్తవం: పుచ్చుకున్నవారు ఇస్తారు, మనం ఊహించినదానికన్నా ఎక్కువగా. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే పరిశోధకులు 2022లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒకటి చికాగోలోని ఐస్ స్కేటింగ్ మైదానం దగ్గర జరిగింది. చలిలో కొందరు తమకు దక్కిన వేడి చాక్లెట్‌ను అపరిచితులకు ఇచ్చారు. ఇచ్చినవారి లెక్క కప్పులో ఉన్నదానితో ఆగింది. పుచ్చుకున్నవారికి దానితోపాటు ఆత్మీయత కూడా అందింది. మరో ప్రయోగంలో, అలా ఆదరణ పొందినవారు తర్వాత అపరిచితులతో డబ్బు పంచుకోవలసి వచ్చినప్పుడు మరింత ఉదారంగా ప్రవర్తించారు. 'ఏమనుకుంటారో' అని మనం మానుకునే పలకరింపులు చాలావరకు ఈ తప్పుడు అంచనా వల్లే ఆగిపోతున్నాయి.

అపోహ: మంచి మాత్రమే పాకుతుంది.

వాస్తవం: స్వార్థం ఇంకా బలంగా పాకుతుంది. 2014లో వెలువడిన ఒక అమెరికన్ పరిశోధనలో ఉదారత కన్నా అత్యాశే ఎక్కువగా చేతులు మారింది. అందుకే ఆఫీసులో తిన్న చీవాట్లను ఇంట్లో పిల్లల మీదకు దింపకుండా ఆపుకోవడం కూడా గొప్ప సాయమేనని నా దగ్గరకు వచ్చే తండ్రులకు చెబుతాను.

అపోహ: మన సంతోషం మూడో మనిషి దాకా చేరుతుందని శాస్త్రం నిరూపించింది.

వాస్తవం: అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో 1983 నుంచి 2003 వరకు 4,739 మందిని గమనించిన అధ్యయనంలో అలాంటి సంబంధం కనిపించింది. అయితే ఒకే స్వభావం గలవారు స్నేహితులవడం కూడా దానికి కారణం కావచ్చు.

అపోహ: ఎప్పుడూ నవ్వుతూ ఉంటే పాజిటివిటీ పంచినట్టే.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా బాధపెట్టే అపోహ ఇదే. అయినవారిని పోగొట్టుకున్న మనిషితో 'పాజిటివ్‌గా ఉండండి' అంటే, బాధను దాచుకోమని చెప్పినట్టే. ఆ ఇంటికి క్యారియర్‌లో అన్నం పంపండి. పిల్లలను బడి నుంచి తీసుకురండి. ఏమీ తోచకపోతే పక్కన కూర్చోండి.

అపోహ: కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదు.

వాస్తవం: ఇచ్చినవారి పేరు తెలియనక్కరలేదు, నిజమే. కానీ ఇవ్వడం అనేది నలుగురి కంటా పడాలి. చెన్నై బీసెంట్ నగర్‌లో 2017లో పెట్టిన సామూహిక ఫ్రిజ్ చూడండి. తినగలిగిన ఆహారం ఎవరైనా పెట్టవచ్చు, అవసరమైనవారు తీసుకోవచ్చు. పెట్టినవారెవరో తెలియదు. పెడుతున్నారని మాత్రం దారిన పోయే అందరికీ తెలుస్తుంది, తామేమి చేయవచ్చో కూడా తెలుస్తుంది.

తామేమి చేయవచ్చో తెలియడం అనే ఈ రెండోది నా దృష్టిలో చాలా ముఖ్యం. రద్దీ వేళ చెన్నై సిటీ బస్సులో టికెట్ డబ్బులు చేతులు మారుతూ కండక్టరును చేరతాయి, చిల్లరతో సహా టికెట్ వెనక్కి వస్తుంది. ఎవరూ విసుక్కోరు. చేయవలసిన పని చిన్నది, స్పష్టమైనది. అందుకే ఎవరైనా 'మీ రుణం ఎలా తీర్చుకోవాలి?' అని అడిగితే 'పరవాలేదండీ' అని ఊరుకోకండి. 'మీ కింది అంతస్తులో ఒంటరిగా ఉండే పెద్దావిడకు ఈ వారం మందులు తెచ్చిపెట్టండి' అని చెప్పండి.