పాత పెట్రోల్ కారును హైబ్రిడ్ చేయాలన్న కోరిక ఎప్పటిది, ఎక్కడ ఆగింది

హనుమకొండ, కాజీపేట రోడ్ల మీద ఏపీ 36 నంబరు ప్లేటుతో పాత ఆల్టోలు, వ్యాగన్ఆర్‌లు ఇంకా చాలానే కనిపిస్తాయి. తెలంగాణ రాకముందు రిజిస్టరైన బండ్లు కదా, కొన్ని పదిహేనేళ్లు దాటేశాయి, మిగతావి దగ్గరపడ్డాయి. లీటరు పెట్రోలు వంద దాటి కూర్చున్నాక వాటి ఓనర్లకు వచ్చే ఆలోచన దాదాపు ఒకటే: వెనక చక్రాలకు హబ్ మోటార్లు (చక్రంలోనే ఇమిడే కరెంటు మోటార్లు), డిక్కీలో బ్యాటరీ పెట్టించి ఊళ్లో కరెంటు మీద, హైదరాబాద్ పోయేటప్పుడు పెట్రోలు మీద నడిపితే, అంటే హైబ్రిడ్ చేస్తే ఎట్లుంటుంది అని.

ఇంధనం మార్చడం మన మెకానిక్‌లకు కొత్తేం కాదు. పెట్రోలు అంబాసిడర్లకు, జీపులకు డీజిల్ ఇంజిన్ ఎక్కించారు. ఆ తర్వాత గ్యాస్ కిట్లు వచ్చాయి, వంటగ్యాస్ సిలిండర్‌ను డిక్కీలో దాచి నడిపిన ప్రమాదకరమైన కాలం కూడా ఒకటి గడిచింది. 2010 జూన్‌లో కేంద్రం పెట్రోలు ధర మీద నియంత్రణ ఎత్తేసింది, 2021 జూన్‌కు హైదరాబాద్‌లో లీటరు వంద దాటింది. ఈ రెండు తేదీల మధ్యలోనే హైబ్రిడ్ ముచ్చట మన దగ్గర గట్టిగా మొదలైంది.

అసలు కథ మాత్రం ఇంకా పాతది. ఫెర్డినాండ్ పోర్షే 1900 ప్రాంతంలోనే చక్రాల్లో మోటార్లు బిగించి, వాటికి కరెంటు అందించడానికి పెట్రోలు ఇంజిన్ పెట్టిన బండి చేశాడు. మామూలు కారును మార్చిన వాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది అమెరికా ఇంజినీరు విక్టర్ వూక్ గురించి. 1972 మోడల్ బ్యూక్ స్కైలార్క్‌లో ఉన్న పెద్ద ఇంజిన్ తీసేసి, మాజ్దా వాళ్ల చిన్న రోటరీ ఇంజిన్, దానికి తోడు 20 హార్స్‌పవర్ మోటారు పెట్టాడు. మైలేజీ దాదాపు రెట్టింపైంది, పొగ బాగా తగ్గింది. అయినా ప్రభుత్వ సంస్థ ఆ ప్రాజెక్టును పక్కన పెట్టేసింది! 1979లో ఆర్కాన్సా రాష్ట్రంలో డేవిడ్ ఆర్థర్స్ అనే అతను ఓపెల్ జీటీ కారులో గడ్డి కోసే యంత్రం ఇంజిన్, విమానం స్టార్టర్ మోటారు, కొన్ని బ్యాటరీలు కలిపి గ్యాలనుకు 75 మైళ్లు, అంటే లీటరుకు సుమారు 32 కిలోమీటర్లు తీశాడు. అతని ఇంజిన్ చక్రాలను తిప్పదు, జనరేటర్‌ను తిప్పి బ్యాటరీని నింపుతుంది, అంతే. కంపెనీయే హైబ్రిడ్‌గా తయారుచేసి అమ్మిన టయోటా ప్రియస్ వచ్చింది 1997 డిసెంబరులో.

మరి ఇది ఇంటింటి పని ఎందుకు కాలేదు? మోటారు బిగించడం ఎప్పుడూ పెద్ద సమస్య కాదు. ఆల్టోలాంటి కారుకు ఇంజిన్ ముందు చక్రాలనే తిప్పుతుంది, వెనకవి ఉట్టిగా దొర్లుతాయి, కాబట్టి అక్కడ మోటారుకు చోటుంది. చిక్కంతా కరెంటు మీద నడపడానికి ఇంజిన్ ఆపాకే. బ్రేకుకు సాయం చేసే బూస్టర్ ఇంజిన్ తిరిగేటప్పుడు పుట్టే వాక్యూమ్ మీద ఆధారపడుతుంది, ఇంజిన్ ఆగితే రెండు మూడు తొక్కుళ్ల తర్వాత పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. ఏసీ కంప్రెసర్ కూడా బెల్టు మీదే తిరుగుతుంది, మే నెల ఎండల్లో ఏసీ లేకుండా ఎవరు కూర్చుంటారు? ఇంజిన్ ఆపకుండా వదిలేస్తే ఆదా ఏమీ మిగలదు. విడిగా వాక్యూమ్ పంపు పెట్టొచ్చు, పెట్టిన వాళ్లున్నారు, కానీ యూట్యూబ్ వీడియోల్లో ఈ భాగం ఎగిరిపోతుంది. ఇక బరువు చూడండి. ఐదు యూనిట్ల కరెంటు పట్టే లిథియం ప్యాక్ యాభై కిలోల దగ్గర ఉంటే, అదే లెడ్ యాసిడ్ బ్యాటరీల్లో నూట యాభై దాకా పోతుంది. ఏడెనిమిది వందల కిలోల కారుకు అంటే ఇద్దరు మనుషులు ఎప్పుడూ వెనక కూర్చున్నట్టే లెక్క, సస్పెన్షన్, బ్రేకులు ఆ బరువుకు చేసినవి కావు.

మన దేశంలో దీన్ని కంపెనీ స్థాయిలో పట్టుకున్నది పుణె కేపీఐటీ. 2010లో రెవోలో అనే కిట్‌ను చూపించారు, పేపర్లన్నీ రాశాయి, సామాన్యుడి కారు దాకా అది రాలేదు. బెంగళూరు ఆల్టిగ్రీన్ కూడా హైబ్రిడ్ కిట్‌తోనే మొదలై చివరికి ఎలక్ట్రిక్ ఆటోల వైపు వెళ్లిపోయింది. కేంద్రం 2016లో హైబ్రిడ్ కిట్లకు నిబంధనలు తెచ్చింది, పరీక్షలకు ఏఐఎస్-123 ప్రమాణం ఉంది. కిట్‌కు బండ్లను పరీక్షించే ఏఆర్ఏఐ లాంటి సంస్థ ఆమోదం ఉండాలి, ఆర్సీలో ఎక్కాలి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్లకు విరుద్ధంగా బండి మార్చకూడదని గట్టిగానే చెప్పింది. షెడ్డులో చేయించుకున్న హైబ్రిడ్ రోడ్డెక్కితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర ఇరుక్కుంటారు. నా లెక్కలో అసలు అడ్డంకి ఇదే, ఎందుకంటే ఆ పరీక్షల ఖర్చును ఒక మెకానిక్ గానీ ఒక ఓనరు గానీ భరించలేరు.

రాష్ట్రం 2020లో తెచ్చిన ఈవీ పాలసీలో రెట్రోఫిట్‌కు, అంటే పాత బండిని ఎలక్ట్రిక్‌గా మార్చడానికి, సాయం ఉంది, కానీ ఆటోలకు: ఖర్చులో 15 శాతం, గరిష్ఠంగా 15 వేలు. 2024 నవంబరు నుంచి రోడ్డు ట్యాక్స్ మినహాయింపు కొత్త ఎలక్ట్రిక్ బండ్లకు దక్కుతోంది. పదిహేనేళ్లు నిండిన కారుకు ఆర్సీ రెన్యువల్ ఐదేళ్లకే ఇస్తారు, ఫీజు, గ్రీన్ ట్యాక్స్ అదనం. ఆ ఐదేళ్ల బండిలో బ్యాటరీకే లక్ష పెట్టే బదులు, ఆర్సీలో ఎక్కే సీఎన్‌జీ కిట్ వేయించుకుందామని ఓనరు అనుకుంటే తప్పేముంది.