ఫైనల్ ఆడిన తొమ్మిదో రోజుకే: ఎన్‌బీఏలో చిన్న ఊళ్ల పాత గొడవ

2025 జూన్ 23, సోమవారం, మనకి తెల్లవారుజామున ఐదున్నర. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఫైనల్స్ ఏడో మ్యాచ్, ఓక్లహోమా సిటీ థండర్‌కీ ఇండియానా పేసర్స్‌కీ మధ్య. ఆ టైమ్‌కి అలారం పెట్టుకుని లేచి బాస్కెట్‌బాల్ చూసేవాళ్లు మన దగ్గర తక్కువే, నేను ఆ బాపతు. లాస్ ఏంజెలెస్ లేకర్స్ లేదు, బోస్టన్ సెల్టిక్స్ లేదు, న్యూయార్క్ లేదు, ఈ రెండు ఊళ్ల ఫైనల్ ఎవరు చూస్తారని సిరీస్ మొదలవకముందు నుంచే సణుగుడు. తీరా చూస్తే సిరీస్ ఏడు మ్యాచ్‌ల దాకా వచ్చింది. ఆ ఏడో మ్యాచ్‌లో మొదటి క్వార్టర్‌కి ఇంకా ఐదు నిమిషాలు ఉండగా పేసర్స్ గార్డ్ టైరీస్ హాలిబర్టన్ ముందుకు అడుగేయబోయి పడిపోయాడు, లేవకుండా అరచేత్తో నేలను బాదుతూ ఉండిపోయాడు. మడమ వెనక ఆకిలీస్ టెండన్ (పిక్క కండరాన్ని మడమకి కలిపే తాడు లాంటిది) తెగింది. థండర్ 103-91తో గెలిచింది.

సరే, గాయం ఎవరి చేతుల్లోనూ లేదు. కానీ ఆ తర్వాత తొమ్మిది రోజులకి, జూలై 1న, పదేళ్లుగా పేసర్స్‌కే ఆడుతున్న సెంటర్ మైల్స్ టర్నర్ మిల్వాకీ బక్స్‌కి వెళ్లిపోతున్నాడని వార్త వచ్చింది, నాలుగేళ్లకి 10 కోట్ల డాలర్ల పైచిలుకు ఒప్పందం. ఫైనల్‌కి వచ్చిన టీమ్ రెండు వారాలు కూడా తిరగకుండానే విడిపోవడం ఏంటి అని చాలామంది అడిగారు. నేనూ అనుకున్నాను. దానికి జవాబు ఆ ఏడాదిలో లేదు, కనీసం డెబ్బై ఐదేళ్లు వెనక్కి వెళ్లాలి.

ముందు ఒక మాట. ఇక్కడ చిన్న ఊరు (లీగ్ భాషలో స్మాల్ మార్కెట్) అంటే పల్లెటూరని కాదు, ఆ చుట్టుపక్కల టీవీ చూసే ఇళ్లు తక్కువని. ఇండియానాపొలిస్ చుట్టుపక్కలన్నీ కలిపితే 20 లక్షల జనం, ఇంచుమించు మన విజయవాడ అంత. ఎన్‌బీఏ టీమ్‌కి డబ్బు ముఖ్యంగా మూడు దారుల్లో వస్తుంది. దేశమంతా చూసే టీవీ హక్కుల డబ్బు 30 టీమ్‌లకీ సమానంగా పంచుతారు. లోకల్ టీవీ డబ్బు ఎవరి ఊరిది వాళ్లదే. టికెట్ల డబ్బూ అంతే, ఎవరి స్టేడియంలో ఆట జరిగితే వాళ్లకే. అంటే లేకర్స్ వచ్చి ఆడితే మెంఫిస్‌కి ఆ రాత్రి లాభం, మెంఫిస్ వెళ్లి లాస్ ఏంజెలెస్‌లో ఆడితే లేకర్స్‌కే లాభం. లేకర్స్ 2012లో మొదలుపెట్టిన లోకల్ టీవీ ఒప్పందం ఏడాదికి సగటున 15 కోట్ల డాలర్లు, అదీ 20 ఏళ్లకి, అని అప్పట్లో వార్తలు. చిన్న ఊళ్ల ఒప్పందాలు దాని దరిదాపుల్లో కూడా ఉండేవి కాదు.

మొదట్లో పరిస్థితి ఇలా ఉండేది కాదు, ఆశ్చర్యంగా ఈ లీగ్‌లో సగం చిన్న ఊళ్లే. 1949లో రెండు లీగ్‌లు కలిసి ఎన్‌బీఏ అయినప్పుడు 17 టీమ్‌లు. వాటిలో మిషిగన్ సరస్సు ఒడ్డున ఉన్న షెబాయ్‌గన్ ఉంది, అయోవాలోని వాటర్లూ ఉంది, ఇండియానాలోని ఆండర్సన్ ఉంది. ఒక్క సీజన్ తిరిగేసరికి ఆ మూడూ లీగ్ బయట. పెద్ద ఊళ్ల ఓనర్లకి తమ స్టేడియం బోర్డు మీద "షెబాయ్‌గన్ వస్తోంది" అని రాయించడం నామోషీ. మిగిలినవి ఒక్కొక్కటే మూట సర్దాయి. ఫోర్ట్ వేన్ టీమ్ 1957లో డెట్రాయిట్ వెళ్లింది. రాచెస్టర్ టీమ్ అదే ఏడాది సిన్సినాటీకి, తర్వాత కాన్సస్ సిటీకి, 1985లో శాక్రమెంటోకి, ఇలా బదిలీల మీద బదిలీలు. మినియాపొలిస్ లేకర్స్ 1960లో లాస్ ఏంజెలెస్ చేరింది, పేరులోని సరస్సులు మాత్రం అక్కడే మిగిలిపోయాయి.

వీటిలో సిరక్యూస్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ఆట ఇవాళ బతికుందంటే ఆ ఊరి చలవే. ఓనర్ డానీ బియాసోన్ బౌలింగ్ ఆటస్థలం నడుపుకునే మనిషి. అప్పట్లో ముందంజలో ఉన్న టీమ్ బంతిని దాచుకుని కూర్చునేది, 1950లో ఒక మ్యాచ్ 19-18తో ముగిసింది. బియాసోన్ తనకి నచ్చిన మ్యాచ్‌ల స్కోరు కాగితాలు ముందేసుకుని లెక్క వేశాడు: బాగున్న మ్యాచ్‌లో రెండు టీమ్‌లూ కలిపి 120 షాట్లు వేస్తున్నాయి, 48 నిమిషాలంటే 2,880 సెకన్లు, భాగిస్తే 24. అంతే, 24 సెకన్లలో షాట్ వేయాలన్న రూల్ 1954లో వచ్చింది. మరుసటి ఏడాది సిరక్యూసే చాంపియన్, ఫైనల్ ఏడో మ్యాచ్‌లో ఫోర్ట్ వేన్ మీద 92-91. రెండు చిన్న ఊళ్ల ఫైనల్, ఏడు మ్యాచ్‌లు, 2025 లాగే. 1963లో ఆ టీమ్‌ని ఫిలడెల్ఫియాకి తీసుకుపోయారు.

ఇక పేసర్స్. వీళ్లది అసలు వేరే లీగ్, ఏబీఏ. 1976లో ఏబీఏ మూతపడుతుంటే నాలుగు టీమ్‌లని ఎన్‌బీఏ లోపలికి రానిచ్చింది: నెట్స్, నగ్గెట్స్, స్పర్స్, పేసర్స్. రానిచ్చింది అంటే ఊరికే కాదు, ఒక్కో టీమ్ 32 లక్షల డాలర్లు కట్టాలి, పైగా మొదటి కొన్నేళ్లు టీవీ డబ్బులో వాటా లేదు. దీనికి తోడు ఇంకో మెలిక. లోపలికి రాని సెయింట్ లూయిస్ టీమ్ ఓనర్లు సిల్నా అన్నదమ్ములు, 22 లక్షల డాలర్లతో పాటు ఒక చిన్న కోరిక కోరారు: ఆ నాలుగు టీమ్‌ల టీవీ వాటాలో ఏడో వంతు తమకివ్వాలి, ఎన్‌బీఏ ఉన్నంత కాలం. అప్పట్లో టీవీ డబ్బు చిల్లర, ఎవరూ పట్టించుకోలేదు, సంతకాలు అయిపోయాయి. తర్వాత స్టార్ ఆటగాడు మైకేల్ జోర్డాన్ వచ్చాడు, కేబుల్ వచ్చింది, ఆ ఏడో వంతు పెరిగి పెరిగి అన్నదమ్ములకి దాదాపు 30 కోట్ల డాలర్లు ముట్టాయి, 2014లో ఇంకో 50 కోట్లు ఇస్తే గానీ వాళ్లు వదల్లేదు, అదీ దాదాపుగానే. అంటే ఇండియానా, శాన్ ఆంటోనియో లాంటి ఊళ్లు ముప్పై ఏళ్లకు పైగా, బాస్కెట్‌బాల్ కోర్టులో అడుగు పెట్టని ఇద్దరు మనుషులకి తమ వాటాలోంచి కప్పం కట్టాయి. ఈ లీగ్ చరిత్రలో నాకు బాగా మింగుడుపడని విషయం ఇదే.

అలా చేరిన పేసర్స్‌కి ఏడాది తిరగకుండానే చేతిలో డబ్బులు అయిపోయాయి. 1977 జూలైలో ఊళ్లో ఓ టీవీ ఛానల్‌లో టెలిథాన్ పెట్టారు. మన దగ్గర తుఫాను బాధితుల కోసం విరాళాలు పోగుచేసినట్టు, ఇక్కడ బాస్కెట్‌బాల్ టీమ్ కోసం. కోచ్ స్లిక్ లెనర్డ్, ఆయన భార్య నాన్సీ ముందుండి నడిపించారు. రాత్రంతా, పదహారు గంటలకు పైగా, లైవ్. 8,000 సీజన్ టికెట్లు అమ్ముడుపోవాలి, లేకపోతే టీమ్ ఉండదు. చివరికి వచ్చిన లెక్క 8,028. ఇవాళ మనం ఇండియానా అని చూస్తున్నదంతా ఆ 28 టికెట్ల అంచు మీద నిలబడింది.

తర్వాతి దశాబ్దంలో రూల్స్ మారాయి, ఇవి త్వరగా చెప్పేస్తాను. ఆస్కార్ రాబర్ట్‌సన్ వేసిన కేసు 1976లో రాజీ అయ్యాక ఆటగాళ్లకి టీమ్ మారే దారి తెరుచుకుంది, 1988లో పూర్తి స్వేచ్ఛ వచ్చింది. మధ్యలో 1984-85 నుంచి సాలరీ క్యాప్, అంటే ఒక టీమ్ ఇచ్చే మొత్తం జీతాల మీద పరిమితి, పెట్టారు, టీమ్‌కి 36 లక్షల డాలర్లు. ఇక్కడ ఐపీఎల్‌తో పోలిక చాలామంది తెస్తారు, అందరికీ ఒకే పర్స్ కదా అని. కానీ ఐపీఎల్‌లో వేలంలో ఎవరు పాడుకుంటే అక్కడికే వెళ్లాలి, నేను హైదరాబాద్‌కి రాను ముంబైకే వెళ్తాను అనడానికి లేదు. ఎన్‌బీఏలో కాంట్రాక్టు అయిపోతే ఊరు ఎంచుకునేది ఆటగాడే. ఒక్కో ఆటగాడి జీతం మీద గరిష్ఠ పరిమితి కూడా 1999లో వచ్చేసరికి, లెబ్రాన్ జేమ్స్ లాంటి స్టార్‌కి క్లీవ్‌లాండ్ ఇవ్వగలిగిన దానికీ మయామీ ఇవ్వగలిగిన దానికీ పెద్ద తేడా లేకుండా పోయింది. డబ్బు తేడా లేనప్పుడు మనిషి సముద్రం చూస్తాడు, ఎండ చూస్తాడు, స్నేహితులు ఎక్కడున్నారో చూస్తాడు. చిన్న ఊళ్లని కాపాడటానికని పెట్టిన పరిమితి వాళ్ల చేతిలో ఉన్న ఒక్క ఆయుధాన్నీ లాగేసుకుంది. నన్నడిగితే అసలు చిక్కు ఇక్కడుంది, మిగతావన్నీ దీని మీద వేసిన అతుకులు.

అతుకులే, ఒక్కో రూల్ వెనక ఒక్కో ఊరి ఏడుపు ఉంటుంది. 2010 జూలైలో లెబ్రాన్ క్లీవ్‌లాండ్ వదిలి మయామీకి వెళ్లిపోయాడు, 2011లో ఓనర్లు 161 రోజులు లీగ్‌కి తాళం వేసి రెవెన్యూ పంచుకోవడం పెంచారు, జీతాలకి ఒక గీత దాటి ఖర్చుపెట్టే టీమ్‌ల మీద వేసే లగ్జరీ టాక్స్ బిగించారు. ఆ బిగించిన టాక్స్ మొదట ఎవరి మెడకి చుట్టుకుంది? ఓక్లహోమా సిటీకి. డ్యురాంట్, వెస్ట్‌బ్రూక్, హార్డెన్, ముగ్గురూ వాళ్లు డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్లని టీమ్‌లు వంతులవారీగా ఎంచుకునే చోట) తెచ్చుకున్న కుర్రాళ్లు, 2012లో ఫైనల్ ఆడారు. అదే అక్టోబర్‌లో హార్డెన్‌ని హ్యూస్టన్‌కి ఇచ్చేశారు, ఎందుకంటే వాళ్లు ఇస్తామన్నదానికీ అతను అడిగినదానికీ నాలుగేళ్ల మీద తేడా 60 లక్షల డాలర్ల దాకా. ముగ్గురూ తర్వాత ఎంవీపీలు (సీజన్‌లో అత్యుత్తమ ఆటగాళ్లు) అయ్యారు, కలిసి ఉండగా ఒక్క టైటిల్ లేదు. 2016లో కొత్త టీవీ డబ్బుతో సాలరీ క్యాప్ ఒక్కసారిగా 7 కోట్ల నుంచి 9.4 కోట్ల డాలర్లకి ఎగిరింది, ఆ సందులోంచి డ్యురాంట్ అప్పటికే ఒక్క సీజన్‌లో 73 మ్యాచ్‌లు గెలిచిన గోల్డెన్ స్టేట్‌కి వెళ్లిపోయాడు. దానికి మందుగా 2017లో సూపర్‌మాక్స్ తెచ్చారు, సొంత టీమ్ మాత్రమే ఎక్కువ ఇవ్వగలిగేలా. మిల్వాకీ తన స్టార్ యానిస్‌ని 2020లో అలాగే 22.8 కోట్ల డాలర్లకి నిలబెట్టుకుంది, 2021లో కప్పు కొట్టింది. న్యూ ఓర్లీన్స్‌కి మాత్రం ఆ మందు పనిచేయలేదు, ఆంథనీ డేవిస్ కాంట్రాక్టు ఉండగానే ట్రేడ్ చేయమని అడిగి 2019లో లేకర్స్‌కి వెళ్లాడు, మరుసటి ఏడాదే చాంపియన్.

ఆటగాళ్లే కాదు, టీమ్‌లూ పోతాయి. ఓక్లహోమా సిటీకి ఈ టీమ్ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు కదా, సియాటెల్ నుంచి. సియాటెల్ ఇంకా పెద్ద ఊరు, డబ్బున్న ఊరు, కానీ కొత్త స్టేడియానికి ప్రజల డబ్బు ఇవ్వనంది. ఓక్లహోమా జనం 2008 మార్చిలో ఒక సెంటు అమ్మకం పన్నుకి ఓటేశారు, ఆ ఏడాదే టీమ్ వచ్చేసింది, మిగిలిన లీజు కోసం సియాటెల్‌కి 4.5 కోట్ల డాలర్లు ఇచ్చి. 2023 డిసెంబర్‌లో మళ్లీ ఓటు: కనీసం 90 కోట్ల డాలర్ల స్టేడియం, అందులో టీమ్ ఓనర్లు వేసేది 5 కోట్లు, మిగతాది సరుకులు కొనుక్కునే ప్రతి మనిషీ. 71 శాతం సరే అన్నారు. తప్పని నేను అనలేను, సియాటెల్‌కి ఏం జరిగిందో వాళ్లకంటే బాగా ఎవరికి తెలుసు. హైదరాబాద్‌లో డెక్కన్ చార్జర్స్ 2012లో పోతే నెలల్లో సన్‌రైజర్స్ వచ్చింది, సియాటెల్ అభిమానులు 2008 నుంచి కళ్లు కాయలు కాచేలా చూశారు.

శాక్రమెంటో ఆ గండం నుంచి బయటపడింది, 2013లో టీమ్‌ని సియాటెల్ తరలించే ప్రతిపాదనని ఓనర్లు 22-8తో కొట్టేశారు, ముంబైలో పుట్టిన వివేక్ రణదివే బృందం కొనుక్కుంది. 2019లో ఎన్‌బీఏ తొలిసారి ఇండియాకి తెచ్చిన మ్యాచ్‌లు శాక్రమెంటో, ఇండియానాల మధ్యే, ముంబైలో. మనం కళ్లతో చూసిన ఎన్‌బీఏ కూడా చిన్న ఊళ్లదే అన్నమాట.

ఇప్పటి పరిస్థితికి వస్తే, ఒకవైపు 2025-26 నుంచి 11 ఏళ్లకి దాదాపు 7,600 కోట్ల డాలర్ల టీవీ డబ్బు సమానంగా పంచుతున్నారు కాబట్టి ఏ టీమూ టెలిథాన్ పెట్టుకునే స్థితిలో లేదు. ఇంకోవైపు, లోకల్ టీవీ హక్కులు కొన్న డైమండ్ స్పోర్ట్స్ 2023 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది, ఇండియానా, ఓక్లహోమా, మెంఫిస్, మిల్వాకీ, న్యూ ఓర్లీన్స్ మ్యాచ్‌ల లోకల్ హక్కులు అప్పట్లో దాని చేతుల్లోనే ఉండేవి. లేకర్స్ లేదు. అదే ఏడాది ఓనర్లకీ ఆటగాళ్లకీ మధ్య వచ్చిన కొత్త ఒప్పందంలో టీమ్ మొత్తం జీతాలకి "సెకండ్ ఏప్రన్" అని ఒక గీత గీశారు, 2025-26కి సుమారు 20.8 కోట్ల డాలర్లు, అది దాటితే ఇద్దరు ఆటగాళ్ల జీతాలు కలిపి ట్రేడ్ చేయడానికి కూడా వీలుండదు. పెద్ద ఊళ్ల దూకుడు ఆపడానికే ఇది, ఈ గీతకి ముందు నుంచే ఎవరి జోరూ సాగడం లేదు, 2019 నుంచి 2025 దాకా ఏడేళ్లలో ఏడుగురు వేర్వేరు చాంపియన్లు. కానీ డ్రాఫ్ట్‌లో బాగా ఎంచుకుని, కుర్రాళ్లని పెంచి, గెలిచిన టీమ్‌కి కూడా అదే గీత. కప్పు కొట్టిన నెలలోనే థండర్ తన ముగ్గురికి కొత్త ఒప్పందాలు రాసింది, అన్నీ కలిసొస్తే 82 కోట్ల డాలర్లు. మళ్లీ 2012 ప్రశ్నే, ఈసారి అంకెలు పెద్దవి.

పేసర్స్ అప్పటికి సుమారు ఇరవై ఏళ్లుగా లగ్జరీ టాక్స్ కట్టలేదు. ఈసారి కడతాం అన్న మాట వినిపించింది, హాలిబర్టన్ పడిపోయాక ఏడాదంతా అతను లేకుండా టాక్స్ ఎందుకన్న లెక్క వచ్చి ఉంటుంది. వాళ్లు ఆలోచిస్తుండగా మిల్వాకీ దూసుకొచ్చింది. ఎలాగో చూడండి: తమ దగ్గరే ఆకిలీస్ తెగి ఉన్న డేమియన్ లిల్లార్డ్‌ని వదిలేసి, అతనికి ఇవ్వాల్సిన 11 కోట్ల పైచిలుకు డాలర్లని ఐదేళ్లకి పరిచి, ఆ ఖాళీలో టర్నర్‌ని తెచ్చుకుంది. యానిస్ ఎక్కడ వెళ్లిపోతాడో అన్న టెన్షన్‌తో ఒక చిన్న ఊరు ఇంకో చిన్న ఊరి ఇంట్లోంచి ఎత్తుకుపోయింది.

ఆ ఏడాది నవంబర్‌లో టర్నర్ బక్స్ జెర్సీలో ఇండియానాపొలిస్ వచ్చాడు. బంతి ముట్టుకున్నప్పుడల్లా స్టేడియం ఊళలు వేసింది. స్కోరు సమానంగా ఉండగా చివరి షాట్ యానిస్ వేశాడు, పడింది, 117-115.