ఒకే వైరస్, వేర్వేరు మనుషులు, ఒకే టీ కణ రిసెప్టర్

తిరుపతిలో ఏ చుట్టరికమూ లేని ఇద్దరికి ఫ్లూ వచ్చిందనుకుందాం. ఆ వైరస్‌ను పట్టే టీ కణ రిసెప్టర్లలో (రోగాలతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాల మీదుండే, వైరస్‌ను గుర్తుపట్టే ప్రోటీన్లలో) కొన్ని ఇద్దరిలోనూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే కావచ్చు. ఇది నిజంగా ఆశ్చర్యపడాల్సిన విషయమే. ఛాతీలోని థైమస్ గ్రంథిలో ప్రతి టీ కణమూ, తన రిసెప్టర్‌లోని ఆల్ఫా, బీటా అనే రెండు గొలుసుల్లో బీటా గొలుసుకు వీ, డీ, జే జన్యు ముక్కలను ఏరి అతుక్కుంటుంది. అతికేచోట కొన్ని న్యూక్లియోటైడ్లు తెగిపోతాయి, టీడీటీ అనే ఎంజైమ్ తోచినట్టు కొన్నిటిని చేరుస్తుంది. ఆ అతుకే సీడీఆర్3, వైరస్ ముక్కను తాకే చోటు.

కొన్ని అతుకులు తేలిగ్గా పుడతాయి. ఫ్లూ ఎం1 ప్రోటీన్‌లోని 58–66 ముక్కను హెచ్ఎల్ఏ-ఏ*02:01 (కణం పైన వైరస్ ముక్కలను టీ కణాలకు చూపించే హెచ్ఎల్ఏ ప్రోటీన్లలో ఒక రకం) చూపించినప్పుడు, ఎక్కువమందిలో స్పందించేవి టీఆర్‌బీవీ19 అనే వీ ముక్క వాడిన కణాలు. వాటి సీడీఆర్3 నడుమ అర్జినైన్, సెరీన్ అనే అమైనో ఆమ్లాల జంట ఉంటుంది. ఈ రెండింటికీ ఆరేసి కోడాన్లు, అంటే డీఎన్ఏలో ఆరు రకాల మూడక్షరాల రాతలు. అందుకే, వేర్వేరు చుక్కల దగ్గర మొదలుపెట్టినా ముగ్గు ఒకటే తేలినట్టు, డీఎన్ఏ వేరైనా ప్రోటీన్ ఒకటే వస్తుంది.

అయితే ఆ ముక్కను చూపించే హెచ్ఎల్ఏ ఉండాలి కదా! యూరప్‌లో ఏ*02:01 బాగా ఎక్కువ. మన దేశంలో ఏ*02:11, ఏ*24:02, ఏ*11:01, ఏ*33:03 లాంటివి తరచుగా కనిపిస్తాయి. కాబట్టి అక్కడివారిలో దొరికిన రిసెప్టర్ల జాబితాను చిత్తూరు రోగుల మీద యథాతథంగా రుద్దకూడదు. ముందు హెచ్ఎల్ఏ టైపింగ్ (ఎవరికి ఏ రకం ఉందో చూసే పరీక్ష), తర్వాతే పోలిక.

ఈ రిసెప్టర్లను వెతకాలంటే రక్తం నుంచి టీ కణాలను తీయాలి, ఆ రక్తం దగ్గరే సగం పనులు చెడతాయి. చిత్తూరులో తీసిన 10 మి.లీ. రక్తాన్ని సుమారు 70 కి.మీ. దూరంలోని తిరుపతికి పంపేటప్పుడు ఐస్‌లో పెట్టకూడదు, ఎండలో వదలకూడదు. గది ఉష్ణోగ్రతలో ఉంచి అదే రోజు కణాలను విడదీయాలి. ఆలస్యమైతే గ్రాన్యులోసైట్లు అనే వేరే తెల్లకణాలు సాంద్రత మారి, మనకు కావలసిన టీ కణాల పొరలో కలుస్తాయి. రక్తానికి సమానంగా పీబీఎస్ అనే ఉప్పు ద్రావణం కలిపి, కణాలను సాంద్రతను బట్టి వేరుచేసే ఫైకాల్ ద్రవం మీద మెల్లగా పోసి, సెంట్రిఫ్యూజ్‌లో 400 జీ (గురుత్వానికి 400 రెట్లు) దగ్గర 30 నిమిషాలు, బ్రేక్ వేయకుండా తిప్పాలి. బ్రేక్ వేస్తే పొర చెదురుతుంది. మి.లీ. రక్తానికి దాదాపు 10 లక్షల కణాలు దక్కుతాయి. గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ వాడితే కణాలను బాగా కడగాలి, లేకపోతే జన్యుపదార్థాన్ని పెద్దఎత్తున కాపీ చేసే పీసీఆర్‌కు అది అడ్డుపడుతుంది.

అసలు ప్రమాదం ఆ తర్వాత ఉంది. ఒక నమూనా మరో నమూనాలోకి కాస్త చిందినా ‘ఉమ్మడి’ రిసెప్టర్ దొరికినట్టే కనిపిస్తుంది. అందుకే కణాల నుంచి తీసిన ప్రతి ఆర్ఎన్ఏ అణువుకూ, దాన్ని డీఎన్ఏగా కాపీ చేసే దశలోనే, యూఎంఐ అనే విడి గుర్తు తగిలించాలి. ఇద్దరిలో న్యూక్లియోటైడ్లూ, యూఎంఐ కూడా ఒకటే అయితే అది కలుషితమే అనుకోవాలి. ప్రోటీన్ ఒకటై న్యూక్లియోటైడ్లు వేరైతే ఆ పోలిక నమ్మదగ్గది.

అప్పుడు కూడా బీటా గొలుసు ఒక్కటే చూసి ‘ఇది ఫ్లూదే’ అనేయకూడదు. తేలిగ్గా పుట్టే గొలుసు ఆ వైరస్‌తో సంబంధం లేకున్నా ఎందరిలోనో ఉంటుంది. ఎం1 విషయంలో జతగా తరచూ వచ్చేది టీఆర్ఏవీ27 ఆల్ఫా గొలుసు. కణాలన్నిటినీ కలిపి ఆర్ఎన్ఏ తీస్తే ఆ జత తెలియకుండా పోతుంది. ఒక్కో కణాన్ని విడిగా చదివితేనే చిక్కుతుంది.