కొటేషన్ కాగితం మీద ఒక్క అక్షరం

తిరుపతి, బైరాగిపట్టెడ.

పెద్దోడికి, చిన్నీకి మీ అవ్వ దీవించి రాసేది.

మీరు నిన్న రాత్రి వాట్సాప్‌లో పంపిన కొత్త కంప్యూటర్ కొటేషన్ ఫోటో చూశాను. కళ్ళజోడు పెట్టుకుని, వేళ్ళతో పెద్దది చేసుకుని ఒక్కో లైనూ చదివాను. ఫోన్లో చెప్పొచ్చు గానీ మీరిద్దరూ ఒకరి మాటలో ఒకరు దూరతారు, నేను చెప్పింది సగం గాల్లో పోతుంది. ఉత్తరమైతే కొట్టుకు పోయేటప్పుడు జేబులో పెట్టుకుని పోవచ్చు.

ముందు ఆ కాగితంలో ఉన్న తప్పు చెప్పేస్తాను. మీరు ఎక్కడ అడ్వాన్స్ కట్టేస్తారోనని నాకు టెన్షన్‌గా ఉంది. మొదటి లైనులో ఐ5-12400ఎఫ్ అని ఉంది. అది ప్రాసెసర్, కంప్యూటర్‌లో లెక్కలన్నీ చేసే చిప్పు. మంచిదే. ఆరు కోర్లు, అంటే పనిచేసే చేతులు ఆరు. పన్నెండు థ్రెడ్లు, అంటే ఒకేసారి పట్టుకునే పనుల వరసలు పన్నెండు. కానీ చివర ఆ ఎఫ్ చూశారా? ఇంటెల్ వాళ్ళు ప్రాసెసర్ చివర ఎఫ్ పెట్టారంటే అందులో బొమ్మ చూపించే భాగం పనిచేయదని అర్థం. మానిటర్ వెలగాలంటే విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనాలి. మీ కాగితంలో అది ఎక్కడా లేదు, మూడుసార్లు వెతికాను. ఆ సిస్టమ్ ఇంటికి తెచ్చి స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, స్క్రీన్ మాత్రం నల్లగా ఉంటుంది. ఎఫ్ లేని ఉత్త 12400 అడిగితే ఈ చిక్కు లేదు. కొట్టాయన కావాలని చేశాడని నేననను. రోజుకు ఇరవై కొటేషన్లు రాసే చేతికి ఒక అక్షరం అటూ ఇటూ కావచ్చు. చూసుకోవాల్సింది కొనేవాళ్ళం మనం.

అందుకే కంపెనీ పేరు, ఐ5, ఐ7 అనే మాట దగ్గరే ఆగిపోకండి. మొత్తం నంబరు రాసుకోండి. పెద్దోడా, పక్క వీధి అబ్బాయి పాత ఐ7 సిస్టమ్ చౌకగా ఇస్తానంటున్నాడని రాశావు. అది ఐ7-7700 అయితే 2017లో వచ్చింది. నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. 2022లో వచ్చిన ఐ3-12100కి కూడా నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లే. ఆ ఐ3 దానికంటే చురుగ్గా పనిచేస్తుంది. ఐదేళ్ళలో పేరు అదే ఉంది, లోపలి సంగతి మారిపోయింది. పైగా విండోస్ 11 ఒప్పుకునే ఇంటెల్ జాబితా దాదాపుగా ఎనిమిదో తరం నుంచే మొదలవుతుంది, 7700 అందులో లేదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆపేసింది. చౌకగా వచ్చిందని తెచ్చుకుని తర్వాత బాధపడొద్దు.

ఇప్పుడు కాగితంలో రెండో లైను. 8 జీబీ ర్యామ్, అంటే మెమరీ, ఒకటి. నాకు ఎఫ్ కంటే ఎక్కువ బాధ కలిగించింది ఇదే. ఎందుకో చెప్పాలంటే నా డీటీపీ సెంటర్ రోజులు చెప్పాలి.

గాంధీ రోడ్డు పక్క సందులో మా సెంటర్ ఉండేది. మీ నాన్న అప్పుడు హైస్కూల్లో ఉన్నాడు. పెంటియం మిషను, 16 ఎంబీ మెమరీ. జీబీ కాదు, ఎంబీ. శుభలేఖల మీద స్వామివారి ఫోటో స్కాన్ చేసి పెట్టేవాళ్ళం. మాఘమాసం ముహూర్తాలకు రోజుకు పది పన్నెండు కార్డులు పడేవి. ఫోటో తెరిచామా, హార్డ్ డిస్క్ లైటు ఆగకుండా మిణుకుమిణుకుమనేది, బాణం గుర్తు ఇసుక గడియారం గుర్తుగా మారి కూర్చునేది. పెళ్ళివాళ్ళు నా వెనకే నిలబడి ఉండేవాళ్ళు. ఒకాయన ప్రాసెసర్ మారిస్తే సరిపోతుందన్నాడు. నగలు తాకట్టు పెట్టినంత కష్టపడి మార్పించాను. ఆ లైటు అలాగే మిణుకుమంటూనే ఉంది. ఆరు నెలల తర్వాత ఇంకో సర్వీసు అబ్బాయి వచ్చి క్యాబినెట్ విప్పి, అదీ ఇదీ చూసి, 16 ఎంబీ ర్యామ్‌లు రెండు తెచ్చి గుచ్చాడు. మొత్తం 48. అదే ఫోటో తెరిస్తే లైటు ఒకసారి వెలిగి ఆరిపోయింది. ఆ ఆరు నెలలు నేను పోగొట్టుకున్న పని తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఎందుకలా జరిగిందో చిన్నీకి అర్థమయ్యేలా చెప్తాను. పెళ్ళిపంక్తిలో భోంచేస్తున్న మనిషిని తలుచుకో తల్లీ. ఆ మనిషి ప్రాసెసర్. ఆకులో ఉన్నది చేతికి వెంటనే అందుతుంది, దాన్ని క్యాష్ మెమరీ అంటారు. ఆకులో అయిపోతే బకెట్టు పట్టుకుని వరస వెంట వచ్చే మనిషిని పిలవాలి. ఆ బకెట్టే ర్యామ్. బకెట్టులో కూడా లేకపోతే ఆ మనిషి వెనక వంటశాలకు పరుగెత్తి తేవాలి. అది ఫైళ్ళన్నీ దాచి ఉంచే ఎస్‌ఎస్‌డీ, పాత మిషన్లలో అయితే హార్డ్ డిస్క్.

ఈ మూడింటి మధ్య దూరం మనం అనుకునేదానికంటే చాలా ఎక్కువ. 4 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ అంటే పాటకు తాళం వేసినట్టు సెకనుకు 400 కోట్ల సార్లు కొట్టుకుంటుంది. ర్యామ్ నుంచి అడిగింది రావడానికి సుమారు 80 నానోసెకన్లు పడుతుంది (నానోసెకను అంటే సెకనులో వంద కోట్లవ వంతు). ఈలోపు ప్రాసెసర్‌కు 320 తాళాలు గడిచిపోతాయి. ఎస్‌ఎస్‌డీ నుంచి తేవాలంటే దానికి వెయ్యి రెట్లు. పాత హార్డ్ డిస్క్ అయితే లక్ష రెట్ల దాకా. నా పెంటియం ఆ రోజు చేసింది అదే. బకెట్టు చిన్నది, ప్రతి ముద్దకూ వంటశాలకు పరుగు. తినే మనిషిని మార్చి ఇంకా వేగంగా తినేవాణ్ణి కూర్చోబెడితే ఏం లాభం? ఆకు ముందు చేతులు కట్టుకుని కూర్చుంటాడు, అంతే.

అందుకే మీకు 8 జీబీ చాలదు. విండోస్, క్రోమ్‌లో నాలుగు ట్యాబులు, ఆన్‌లైన్ క్లాసు తెరిచేసరికే సగానికి పైగా నిండుతుంది. గ్రాఫిక్స్ కార్డు లేని సిస్టమ్‌లో బొమ్మ చూపించే భాగం కూడా ఈ ర్యామ్‌లోంచే కొంత తీసుకుంటుంది. పెద్దోడు ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎమ్యులేటర్, అంటే కంప్యూటర్ లోపలే ఉత్తుత్తి ఫోన్, నడుపుతానంటున్నాడు, దానికి 16 జీబీ ఉండాలి. చిన్నీ వీడియోలు కట్ చేసుకోవడానికీ 16 బాగానే సరిపోతుంది. 32 ఇప్పుడే వద్దు, కారణం తర్వాత చెప్తాను.

ఆ 16 ఎలా తీసుకోవాలన్నది అసలు విషయం. 8 జీబీవి రెండు తీసుకోండి. అప్పట్లో మా పెంటియం బోర్డుకు, అంటే అన్నీ గుచ్చే మదర్‌బోర్డుకు, ర్యామ్‌లు జతగానే గుచ్చాలి, ఒక్కటే పెడితే మిషను లేవదు. ఇప్పటి బోర్డులు ఒక్కదానితోనూ లేస్తాయి. అందుకే ఒక్కటి పెట్టి పంపేస్తున్నారు. కానీ ప్రాసెసర్ నుంచి మెమరీకి రెండు దారులు ఉంటాయి. ఒక్కటే గుచ్చితే రెండో దారి ఖాళీగా పడి ఉంటుంది. డీడీఆర్4 అనే తరం ర్యామ్‌లో 3200 స్పీడుది ఒక్కటి సెకనుకు 25.6 జీబీ అందించగలదు. రెండు దారుల్లో రెండు పెడితే 51.2. పంక్తికి ఒకరికి బదులు ఇద్దరు వడ్డించినట్టు. టైపింగ్‌కు, బ్రౌజింగ్‌కు ఈ తేడా పెద్దగా తెలియదు, ఉన్నమాట చెప్పాలి. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తో గేమ్ ఆడితే మాత్రం కంటికి కనిపిస్తుంది. ఆ గ్రాఫిక్స్ తినేది కూడా ఈ పంక్తిలోనే కదా.

బోర్డులో నాలుగు స్లాట్లు ఉంటే రెండూ పక్కపక్కన గుచ్చకండి. సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. బోర్డుతో వచ్చే చిన్న పుస్తకంలో బొమ్మ వేసి ఉంటుంది, దాన్ని చూసి చేయండి. మీ కొటేషన్‌లో రాసిన హెచ్610 బోర్డుకు రెండే స్లాట్లు. అందులో 8 రెండు పెడితే నిండిపోతుంది, రేపు పెంచాలంటే ఉన్నవి తీసి పక్కన పెట్టాలి. నాలుగు స్లాట్ల బోర్డు తీసుకోండి. కాస్త ఎక్కువైనా సరే, ఆ తేడా నేనిస్తాను.

డీడీఆర్4, దాని తర్వాతి తరం డీడీఆర్5 ఒకదాని స్లాట్లో ఇంకొకటి దూరదు. కింది అంచులో ఉండే గాటు రెండింటికీ వేరే చోట ఉంటుంది. దూరలేదని బలవంతంగా నొక్కితే బోర్డు పోతుంది. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మూడూ కలిపి ఒకేసారి నిర్ణయించుకోవాలనేది అందుకే. డీడీఆర్5 ర్యామ్ ఒక్కటే రెండు చానెళ్ళతో, అంటే ఇందాకటి రెండు దారులతో, సమానం అని ఎవరైనా చెబితే నమ్మకండి. దాని లోపల 32 బిట్ల దారులు రెండు ఉన్న మాట నిజమే, కలిపితే మాత్రం పాతదానిలాగే 64 బిట్లు.

ఇక నా మాట. గ్రాఫిక్స్ కార్డు ఇప్పుడే కొనడం లేదు కాబట్టి ఏఎండీ వాళ్ళ రైజెన్ 5 5600జీ దొరికితే దాన్ని తీసుకోండి. దీనికీ ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. చివర జీ అంటే లోపల గ్రాఫిక్స్ ఉందని. ఇంటెల్ 12400లో ఉన్నదాని కంటే ఇది గేములకు మెరుగు. పక్కనే జీ లేని 5600 కూడా కనిపిస్తుంది. దాని క్యాష్ 32 ఎంబీ, 5600జీది 16. ఆకు వెడల్పే గానీ దానికి గ్రాఫిక్స్ లేదు, మనకు పనికిరాదు. 5600జీ డీడీఆర్4 తీసుకుంటుంది, బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే సాకెట్ ఏఎమ్4 రకం ఉండాలి. ఈ సాకెట్‌కు ఇది చివరి దశ, ఇందులో ఇంకా కొత్త తరాలు రావు. అది మీకు తెలియాలి. కొత్త ఏఎమ్5 సాకెట్ తీసుకుంటే రేపు ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవచ్చు గానీ దానికి డీడీఆర్5 తప్పనిసరి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. ప్రపంచంలో ఎక్కువ మెమరీ తయారుచేసేది శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఈ ముగ్గురూ ఏఐ డేటా సెంటర్ల ఆర్డర్ల వైపు మళ్ళారు, ఇంటి కంప్యూటర్లకు వచ్చే సరుకు తగ్గింది. ఇందాక 32 వద్దన్నది ఇందుకే. ధర దిగినప్పుడు మిగిలిన రెండు స్లాట్లలో అదే కంపెనీ, అదే స్పీడువి జత తెచ్చి వేసుకుందాం. స్పీడు తేడా ఉంటే అన్నీ కలిసి నెమ్మదైనదాని స్పీడుకే దిగుతాయి.

బాక్సులో సీలుతో వచ్చే ప్రాసెసర్ అడగండి. 5600జీ బాక్సులో కూలర్ కూడా వస్తుంది. బిల్లులో మొత్తం నంబరు రాయించండి. మీ గది మేడ మీద ఉంది, మే నెలలో మధ్యాహ్నం ఎలా ఉంటుందో నాకు తెలుసు. క్యాబినెట్‌ను మంచం కిందికీ గోడ మూలకీ తోయకండి, వెనక జానెడు ఖాళీ ఉంచండి. వేడి మితిమీరితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి స్పీడు తగ్గించుకుంటుంది. అప్పుడు మీరు ఎంత పెట్టి కొన్నా ఒకటే. యూపీఎస్ మాత్రం తప్పకుండా ఉండాలి.

సిస్టమ్ వచ్చాక ఒక పని మీరే చేయాలి. 3200 ర్యామ్ కొన్నా చాలా బోర్డులు మొదట దాన్ని 2666లోనో, అంతకంటే తక్కువలోనో నడుపుతాయి. బయోస్‌లోకి, అంటే విండోస్ రాకముందు తెరుచుకునే సెట్టింగుల పేజీలోకి, పోయి ఎక్స్‌ఎంపీ అనే చోట ఆన్ చేస్తే అసలు స్పీడు వస్తుంది. కొన్ని బోర్డుల్లో దాన్నే డీఓసీపీ అంటారు. తర్వాత విండోస్‌లోని టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరవండి. స్పీడు 3200 అనీ, వాడిన స్లాట్లు నాలుగింట్లో రెండు అనీ కనిపించాలి. ఆ పేజీ ఫోటో నాకు పంపండి.

ఇంకొకటి. ఎప్పుడైనా సిస్టమ్ లేవకుండా బీప్ బీప్‌మని అరిస్తే భయపడకండి. కరెంటు తీసేసి, క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో తాకి, ర్యామ్ స్లాట్ చివర క్లిప్పులు వెనక్కి నొక్కండి. ర్యామ్ పైకి లేస్తుంది. అంచులు పట్టుకుని తీయండి, బంగారు రంగు పళ్ళను వేళ్ళతో తాకొద్దు. చిన్నీ పెన్సిల్ రబ్బరు తెచ్చి ఆ పళ్ళ మీద మెల్లగా రుద్దండి, పొడి ఊదేయండి. మళ్ళీ గాటు చూసుకుని గుచ్చి, రెండు బొటనవేళ్ళతో సమానంగా నొక్కితే టక్‌మని క్లిప్పు పడుతుంది. మా సెంటర్లో నేను ఎన్నిసార్లు ఇలా లేపానో లెక్కలేదు.

కొట్టుకు శనివారం పోండి, నాన్నను కూడా తీసుకుపోండి. ఈ ఉత్తరంలో రాసినట్టు కొత్త కొటేషన్ రాయించి, ఫోటో నాకు పంపి, నేను చూశాననే దాకా డబ్బు కట్టకండి. ఆదివారం పొద్దున చిత్తూరు బస్సెక్కుతాను. ర్యామ్ కవర్లు నేను వచ్చేదాకా చించకండి, మొదటి జత మీ ఇద్దరి చేతా నేనే గుచ్చిస్తాను.

ప్రేమతో,
మీ అవ్వ